ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు

జూన్ 12న బడులు తెరుస్తారు. కొత్త పుస్తకాలతో పాటు ఇంటికి నియమాల కాగితం కూడా వస్తుంది. పట్నం బడైతే అది అట్ట వేసిన డైరీలో మొదటి పేజీలు. పల్లెలో మిషన్ ఎలిమెంటరీ బడైతే హెడ్మాస్టరు గది బయట గోడ మీద నీలిరంగు అక్షరాలు. పైన ఫలానా దొరగారు ఫలానా సంవత్సరంలో స్థాపించారన్న చరిత్ర, మధ్యలో ప్రేమ, క్షమ, సత్యం వగైరా విలువలు, అడుగున విద్యార్థులు పాటించవలసిన నియమాలు. చరిత్రను ఎవరూ చదవరు. విలువలను వార్షికోత్సవం నాడు మైకులో చదువుతారు. నియమాలను మాత్రం చదువు రాని తల్లి కూడా ఎవరిచేతనో చదివించుకుని వింటుంది. మర్నాటి నుంచి తన పిల్లవాడి సుఖదుఃఖాలు వాటి మీదే ఆధారపడతాయని ఆమెకు తెలుసు.

ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు, అక్కణ్నుంచి ఆకివీడు, ఇటు తాడేపల్లిగూడెం దాకా తిరిగి చూస్తే ఇలాంటి గోడలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. తల దువ్వుకుని రావాలి, గోళ్లు తీసుకోవాలి, అబద్ధమాడరాదు, తోటివారిని తిట్టరాదు. వరుసలో ముందుండేది మాత్రం సాధారణంగా ఒకటే: గంట కొట్టేలోగా బడిలో ఉండాలి.

ఈ నియమం దొరలు ఓడలో వేసుకుని తెచ్చింది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశంలో బడులెన్ని ఉన్నాయో, ఎలా నడుస్తున్నాయో రాసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మరుసటి ఏడు పంపిన జవాబులో తెలుగు, కన్నడ వీధిబడుల పద్ధతి పూసగుచ్చినట్టు ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి. మన తాతలు శ్రీ, చుక్క అంటూ చెప్పుకుని నవ్వుకున్నది ఈ లెక్కే. పెద్ద తప్పు చేస్తే గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. అవీ చాలకపోతే కోదండం: దూలానికి తాడు వేసి, పిల్లవాణ్ణి రెండు చేతులతో దానికి వేలాడదీయడం. పాత చదువులు బంగారమని మురిసిపోయే పెద్దలు ఈ తాడు సంగతి మరిచిపోతుంటారు.

ఆ దెబ్బల లెక్కలో మాలపల్లె పిల్లవాడు లేడు, మాదిగపల్లె పిల్లవాడూ లేడు. ఆలస్యంగా రావడానికైనా ముందు రానివ్వాలి కదా.

మిషన్ బడులు వచ్చాక ఈ పిల్లవాడికి తలుపులు తెరుచుకున్నాయని మనం తేలిగ్గా అనేస్తాం. చరిత్ర అంత సాఫీగా నడవలేదు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరులో దిగారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించి, ఏడేళ్లకే కన్నుమూశాడు. నోబుల్ 1843లో బడి పెట్టి, 1865లో పోయేదాకా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. బందరు నోబుల్ కాలేజీ పేరు ఆయనదే. ఆ బడి పై కులాల పిల్లల కోసం పెట్టింది. అంటరానివారని ముద్ర వేసిన కులాల పిల్లలను అందులో చేర్చుకోలేదు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్లంతట వాళ్లే మారతారని దొరగారి లెక్క. క్రీస్తు పేరు మీద తెరిచిన ఆ బడిలో గోడ మీద రాయని మొదటి నియమం ఇదన్నమాట. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్లీ నిండడానికి కొంతకాలం పట్టింది.

సొసైటీ 1854లో ఏలూరులోనూ కేంద్రం తెరిచింది. ఆ వెనకే బడి వచ్చింది. లండన్ నుంచి ఛార్లెస్ వుడ్ విద్యాపత్రం వచ్చిందీ ఆ ఏడే. ప్రైవేటు వాళ్లు నడిపే బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వవచ్చన్న ఏర్పాటు అందులోనే ఉంది. ఇవాళ మనం ఎయిడెడ్ బడి అంటున్నదానికి మూలం అదే. ఆ గ్రాంటు మీద, ఆ బడుల మీద ఆధారపడి ఈ డెల్టాలో ఎందరు పైకి వచ్చారో లెక్కపెట్టడం కష్టం. గుండుగొలనులో 1880లో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివారు, ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. దొరల దగ్గర చదువు పుచ్చుకుని దొరలను పొమ్మన్న తరం అది. వాళ్ల మతం వాళ్ల దగ్గరే ఉంది, చదువు మాత్రం ఇంటికి వచ్చింది.

నోబుల్ లెక్కను తలకిందులు చేసింది ఒక మాల పెద్ద. బెజవాడ ప్రాంతంలో పనిచేస్తున్న డార్లింగ్ అనే మిషనరీ ఏళ్ల తరబడి పై కులాల మధ్య బోధించి అలసిపోయాడు. 1859లో రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య తానే వెతుక్కుంటూ వెళ్లి, కుటుంబంతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. బోధన పల్లెల వైపు మళ్లింది. కట్టుబట్టలతో వచ్చిన ఆ మనుషులు దొరలను అడిగిన వాటిలో బడి ఒకటి. గోదావరి జిల్లాల్లో తలో దిక్కున తలో మిషన్ పనిచేసింది. నరసాపురం, పాలకొల్లు వైపు 1836 నుంచీ బౌడెన్, బీర్ కుటుంబాలు. రాజమండ్రి నుంచి భీమవరం దాకా లూథరన్లు. 1880 నుంచి ఆకివీడులో కెనడా బాప్టిస్టులు. ఆకివీడు దొరలు కాలువల మీద పడవల్లో తిరిగారు. పడవే ఇల్లు, పడవే ఆఫీసు. వానాకాలంలో కొల్లేటి అంచు ఊళ్లకు మరో దారి లేదు మరి.

ఆ పల్లె బడి ఎలా ఉండేదో పెద్దగా ఊహించుకోనక్కరలేదు. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, పేడతో అలికిన నేల. వారమంతా బడి, ఆదివారం గుడి. ఉపదేశిగారే పంతులుగారు. భార్యకు చదువొస్తే ఆమె పంతులమ్మ. దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో ఆ పదవిలోకి వచ్చారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. పల్లె ఉపాధ్యాయుల భార్యలకూ చదువు, శిక్షణ ఉండి తీరాలని పట్టుబట్టారు. ఒక్క జీతానికి ఇద్దరి పని చేయించుకోవడం కాదా అని ఇవాళ మనం అడగవచ్చు. అడగాలి కూడా. కానీ మాలపల్లెలో ఆడపిల్లను బడికి రప్పించింది ఎక్కువగా ఆ పంతులమ్మే.

పొద్దున్నే ప్రార్థన, కీర్తన, తర్వాత హాజరు పట్టీ. ఈ మూడోదాని మీద కాస్త ఆగాలి. పెద్ద రైతు కళ్లంలో ఆ పిల్లవాడి పేరు ఒరేయ్. కాదంటే పేరు చివర ఒక గాడు. బడిలో పంతులుగారు పుస్తకం విప్పి దేవసహాయం అని పిలుస్తారు, వాడు లేచి నిలబడి పలకాలి. కరుణమ్మ అని పిలుస్తారు, ఆ పిల్ల పలకాలి. ఊళ్లో ఎవరూ పూర్తిగా పలకని పేరును రోజూ ఒక చదువుకున్న మనిషి పూర్తిగా, గట్టిగా, నలుగురి ముందు పలుకుతాడు. మిషన్ బడి నేర్పిన ప్రవర్తనలో అన్నిటికంటే లోతుగా దిగింది ఇదేనని మా నమ్మకం. తోటివాణ్ణి కులం పేరుతో పిలవరాదన్న నియమాన్ని గోడ మీద రాయనవసరం లేకుండానే పిల్లలు నేర్చుకున్నారు. నేర్చుకోని పెద్దలు ఊళ్లో ఉండిపోయారు.

పగలు గొడ్లు కాయడానికి పోయే పిల్లల కోసం లాంతరు వెలుగులో రాత్రిబడి నడిపిన పంతుళ్లు ఉన్నారు. నాట్లప్పుడు, కోతలప్పుడు బడి పలచబడుతుందని వాళ్లకు తెలుసు. గ్రాంటు ఇచ్చే సర్కారుకు హాజరు కావాలి, పిల్లవాడి అమ్మకు కూలి కావాలి. ఈ రెంటి మధ్య ఎక్కడ కన్ను మూయాలో, ఎక్కడ ఇంటికి వెళ్లి పిలుచుకురావాలో తెలిసిన పంతులుకే ఆ ఊళ్లో బడి నిలిచింది.

ఆ అవసరం ఇంకా పోలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేట్లో పడి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఆ దారి పూడినకొద్దీ లంక ఊళ్లు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక ఆ నీరంతా కిందికి దిగి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదుగా పారింది. లంకల్లో రోజుల తరబడి పడవే దిక్కు. మామూలు రోజుల్లోనూ చిక్కులు తక్కువేమీ కాదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం హద్దు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాతా చెరువులు మాత్రం పోలేదు. వాటి గట్ల మీద కాపలా ఉండే కుటుంబాలు చిన్న పాకలో కాపురం పెడతాయి. పక్కింటి వాడుండడు, దారి ఉండదు, గట్టే దారి. తెల్లవారుజామున చెరువు పట్టే రోజైతే ఇంటిల్లిపాదీ అక్కడే ఉంటారు. ఆ పాకలోంచి బయల్దేరిన ఏడేళ్ల పిల్ల బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని, మూడు చెరువుల గట్లు దాటి, రోడ్డెక్కి, బడికి చేరేసరికి ప్రార్థన అయిపోతుంది. గంట కొట్టేలోగా బడిలో ఉండాలన్న నియమం ఎవరికోసం రాసినా, దెబ్బ తినేది ఈ పిల్లే. రోడ్డు పక్క డాబాలో ఉండి, నాన్న బండి మీద దిగే పిల్లవాడు ఆ నియమాన్ని ఒక్కరోజూ తప్పడు. వాడి గొప్పేమీ లేదు అందులో.

కొందరు పంతులమ్మలు రెండో పీరియడు దాకా హాజరు పుస్తకం మూయరు. పై అధికారి వస్తే మాట పడతారు. నియమాన్ని సడలించినందుకు బడి పాడైందని మేం ఎక్కడా వినలేదు.

దెబ్బల సంగతికొస్తే చట్టం ఎప్పుడో తేల్చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ కూడదంది. అయినా దండం దశగుణం అనే పెద్దమనుషులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. క్రైస్తవ బడుల్లో అయితే సామెతల గ్రంథంలో బెత్తం మాట ఉందని చూపిస్తారు. చిన్నపిల్లల్ని తన దగ్గరికి రానివ్వకుండా అడ్డుకున్న శిష్యుల మీద యేసు కోపగించుకున్న సంగతీ ఆ బైబిల్లోనే ఉంది. ఏ పేజీ తెరవాలన్నది యాజమాన్యం ఇష్టం. బడి పేరులో ఎవరి పేరు పెట్టుకున్నారో చూసుకుని తెరిస్తే బాగుంటుంది.

కొత్తగా వచ్చిన నియమాలు మరికొన్ని ఉన్నాయి. బడి ఆవరణలో తెలుగు మాట్లాడరాదు అన్నది వాటిలో ఒకటి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లిష్ మీడియం బడి, ఇక మీదట తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పసిపిల్లల మెడలో వేసి నిలబెట్టిందని రాష్ట్రమంతా గగ్గోలైంది. ఆ తర్వాత పలకలు పోయాయి కానీ, మాటకు రూపాయి జరిమానా వేసే బడులు ఇంకా ఉన్నాయని తల్లిదండ్రులు చెబుతుంటారు. తెలుగు నేర్చుకుని, తెలుగులో వాచకాలు అచ్చువేసి, తెలుగు రాగాల్లో కీర్తనలు పాడించిన మిషన్ల వారసులు ఇలాంటి నియమం పెట్టుకుంటే అంతకంటే విడ్డూరం లేదు. కూలికి పోయే తల్లికి ఇంగ్లిష్ కావాలి, నిజమే. ఆమె అడిగింది ఇంగ్లిష్ నేర్పమని. తన మాట మాట్లాడినందుకు బిడ్డకు జరిమానా వేయమని ఆమె అడగలేదు.

బొట్టు, గాజులు, పూలు, కార్తీకంలో అయ్యప్ప మాల. వీటి మీద ఎక్కడో ఒక బడి గేటు దగ్గర ప్రతి ఏడూ రగడ జరుగుతుంది, పేపర్లకెక్కుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ బడులు తాము నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణంలోని మూడో భాగం, ప్రభుత్వ గుర్తింపు గానీ గ్రాంటు గానీ ఉన్న బడిలో చదివే పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టరాదంది. రెండూ ఒకే పుస్తకంలో, రెండు పేజీల ఎడంలో ఉన్నాయి. నల్లచొక్కా వేసుకొచ్చిన పిల్లవాణ్ణి గేటు బయట నిలబెట్టే బడి, ఒకప్పుడు ఊరి బడి తన పిల్లల్ని గేటు బయట నిలబెట్టిన సంగతి గుర్తుపెట్టుకోవాలి. నలభై ఒక్క రోజుల్లో మాల తీసేస్తాడు. గేటు బయట నిలబడ్డ రోజును మాత్రం ముసలితనం దాకా మోస్తాడు.

అన్నిటికంటే ఇబ్బందికరమైన నియమం అబద్ధమాడరాదు అన్నదే. గోడ మీద ఆ మాట ఉంటుంది. దాని పక్క గదిలో, జూన్ నెలలో, కూలి పని చేసుకునే తండ్రి అడ్మిషను రిజిస్టరు ముందు కూర్చుంటాడు. మతం అన్న గడి వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినని రాయిస్తే పిల్లవాడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. అందులో ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. కులం వల్ల పడే మాట, చూపు మాత్రం బాప్తిస్మం తర్వాతా అవే ఉంటాయి. ఆదివారం గుడిలో పాట పాడే తండ్రి సోమవారం ఆ గడిలో హిందూ అని రాయిస్తాడు. హెడ్మాస్టరు తలెత్తకుండా రాసుకుంటాడు. ఇద్దరూ అబద్ధికులు కారు. న్యాయంగా నిజం చెప్పే వీలు లేని గడి అది. పిల్లలకు సత్యం నేర్పాలంటే ముందు ఆ గడిని సరిచేయాలి. ఆ పని బడి చేతుల్లో లేదు, ఢిల్లీ చేతుల్లో ఉంది.

బడి చేతుల్లో ఉన్న పని కూడా కొండెక్కుతోంది. ఎయిడెడ్ ఎలిమెంటరీ బడుల్లో ఏళ్ల తరబడి కొత్త నియామకాలు లేవు. ఒక పంతులమ్మ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. ఇద్దరున్న బడి ఒక్కరికి దిగుతుంది, ఆ ఒక్కరూ సెలవు పెడితే తాళం. 2021లో అప్పటి ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందిని గానీ, ఆస్తులతో సహా మొత్తం బడిని గానీ అప్పగించాలని ఉత్తర్వులిచ్చింది. పిల్లలు, తల్లిదండ్రులు వీధికెక్కాక నవంబరులో ఆ పట్టు కాస్త సడలించి, ఇష్టమున్నవాళ్లే అప్పగించవచ్చని అంది. ఆ ఊపులో మూతపడ్డవి మూతపడ్డాయి, మిగిలినవి మిగిలాయి. మిగిలిన వాటి ముందు నుంచే పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు ఊళ్లో పిల్లల్ని ఎక్కించుకుని తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు పోతుంటాయి. ఫీజు కట్టగలిగినవాళ్లు బస్సెక్కారు. గట్టు మీది పిల్ల నడిచి వస్తోంది.

తప్పంతా ప్రభుత్వానిదే అనడమూ సరికాదు. మంచి జాగాలో ఉన్న మిషన్ స్థలాల మీద కన్ను వేసినవాళ్లు బయటే కాదు, సంఘాల లోపలా ఉన్నారు. కమిటీల తగాదాలు కోర్టుల్లో నడుస్తుంటే బడి కప్పు కారుతూ ఉంటుంది. నూరేళ్ల చరిత్ర ఉందని శిలాఫలకం వేయించుకునే పెద్దలు, ఆ బడిలో ఇవాళ ఎందరు పిల్లలున్నారో, ఎందరు ఉపాధ్యాయులున్నారో ఆ ఫలకం పక్కనే రాయించాలి.

బడులు తెరిచేలోగా చేయదగిన పనులు రెండే. ప్రవర్తన నియమాలు రాసేవారు పిల్లలకు పది నియమాలు పెడితే బడికి కనీసం మూడు పెట్టాలి: కొట్టం, పూర్తి పేరుతో పిలుస్తాం, ఆలస్యానికి కారణం అడిగాకే మాట్లాడతాం. ఇక ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల విద్యాధికారులు, డయాసిస్ పెద్దలు, సినడ్ పెద్దలు ఒకచోట కూర్చుని, పిల్లలున్న ప్రతి ఎయిడెడ్ ఎలిమెంటరీ బడికీ ఇద్దరు ఉపాధ్యాయులకు తగ్గకుండా చూడాలి. ప్రభుత్వం జీతమిచ్చే పోస్టు నింపేదాకా ఆ రెండో మనిషిని సంఘం తన కానుకల డబ్బుతో పెట్టుకోవాలి. ఈ బడులను నడుపుకోగలిగినంత శక్తి ఇక్కడి సంఘాలకు ఇవాళ ఉంది.